ఏనుగుపల్లేరు నీళ్లు

తొండూరు పక్కన మా పల్లె,
14 జూన్ 1987

రూతూ,

నా చేతిరాత గుర్తుపట్టావా? బడిలో నీ పలక చూసి నేర్చుకున్న రాతే ఇది. ఎనిమిదేళ్లుగా ఒక్క ముక్క రాయనిదాన్ని, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకుంటూనే చివరిదాకా చదువు.

మా ఆయనకు వేసవి మొదలైనప్పటి నుంచి మూత్రంలో మంట. ఉన్నట్టుండి నడుము పట్టుకుని గోడకు ఆనుకుంటాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి, అడిగితే ఏమీ లేదంటాడు. పులివెందుల డాక్టరు మాత్రలిచ్చి, రాయి ఉందని, తగ్గకపోతే నువ్వు పనిచేసే జమ్మలమడుగు ఆసుపత్రికి పోయి తీయించుకోమని చెప్పాడు. మీ ఊరికి రావాలంటే మా పగవాళ్ల ఊరి మీదుగా రావాలి. మార్చిలో మండలం ఎన్నికలయ్యాక ఆ ఊరి మలుపులోనే మా జీపు మీద బాంబులు వేశారు. మా డ్రైవరుకు చెయ్యి పోయింది. కడపకు పోదామంటే అక్కడ వాళ్ల మనుషులు ఇంకా ఎక్కువ. వాళ్లు పులివెందులకు పోవాలన్నా మా ఊరి మీదుగానే పోవాలి, మావాళ్లూ చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు కాదులే. మొదట పొలం గట్టు తగాదా. ఇప్పుడు దానికే చెరొక పార్టీ జెండా కట్టుకున్నారు. పదకొండేళ్లుగా ఆ ఇంటాయన పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు.

నొప్పి ఓర్చుకోలేక ఈయన ఒకరోజు పంతానికి ఆ రోడ్డెక్కుతాడు. ఎక్కితే నాకు మిగలడు. నా భయం ఇదొక్కటే రూతూ.

మనం ఎనిమిదో తరగతిలో ఉండగా ఎండలకు నాకూ ఇట్లాంటి మంటే వచ్చింది, గుర్తుందా? మీ నాయన పాలయ్య పసుపు పూల కొమ్మ ఒకటి తెచ్చి చెంబు నీళ్లలో తిప్పాడు. నీళ్లు గుడ్డు తెల్లసొన లాగా చిక్కబడ్డాయి. తాగాక హాస్టలు వరండాలో పడుకుని, రెప్పలు మూసినా తెరిచినా పసుపే కనిపిస్తుంటే సాయంత్రం దాకా అట్లాగే ఉండిపోయాను. ఆ మొక్క పేరేంటి? మా దొడ్లో పెంచవచ్చా?

నీ
శ్యామల

&nbsp;

జమ్మలమడుగు,
22 జూన్ 1987

శ్యామలా,

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు విను.

దాని పేరు ఏనుగుపల్లేరు. మాత్రల డబ్బాలో ఇరవై కాయలు పంపుతున్నాను. నాలుగు మూలలా ముళ్లుంటాయి, జాగ్రత్త. ఇవి నిరుటివి. ఈ యేటి కాయ ఈ యేడు మొలవదు. చెప్పుకాలితో కొంచెం నలిపి, మొదటి వాన పడగానే ఇసుక పాలు ఎక్కువున్న చోట, బాగా ఎండ తగిలేటట్టు వెయ్యి. ఆ తర్వాత నీ పని మరిచిపోవడమే. నీళ్లు వద్దు, ఎరువు వద్దు. అది ఎవరి దయా లేకుండా పెరిగే మొక్క.

పూత వచ్చాక పక్క కొమ్మ ఒకటి తుంచి, చెంబెడు మంచినీళ్లలో మెల్లగా తిప్పు. జిగురు రాగానే తాగించు. కాసేపు పెడితే మళ్లీ పలచబడి ఉత్త నీళ్లవుతాయి. అందుకే నేను ఇక్కడ చేసి పంపలేను, మొక్క మీ దగ్గరే ఉండాలి. ఇది మంటను తగ్గిస్తుంది, సన్న రాళ్లను జారుస్తుంది. పెద్ద రాయిని ఏమీ చేయలేదు. చలిజ్వరం వచ్చినా, మూత్రం బందైనా దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. నర్సుగా చెప్తున్నాను.

మా నాయన చర్చి ఉపదేశిగా ఊరూరూ నడిచేవాడు కదా. ఈ మొక్క కనబడిన చోట ఆగి, ముందు నమస్కారం పెట్టి, తర్వాత కొమ్మ తుంచేవాడు. మొక్కకు దండం పెట్టే కిరస్తానీవాడేంటి అని జనం నవ్వేవాళ్లు. నేను నీకు దండం పెట్టమని చెప్పను. నీళ్లు పోయకుంటే చాలు.

రూతు

&nbsp;

మా పల్లె,
9 ఆగస్టు 1987

రూతూ,

నీళ్లు పోశాను.

ఏం చెయ్యమంటావు చెప్పు? జూన్ చివర్లో ఒక వాన పడింది, పద్నాలుగు మొలకలొచ్చాయి. మళ్లీ చినుకు లేదు. చెనిక్కాయ చేలన్నీ వాడిపోతుంటే ఇవి మాత్రం ఎట్లా బతుకుతాయని పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు పోశాను. నీకు చెప్పకుండా గుప్పెడు గుప్పెడు బర్రెపేడ కూడా వేశాను. భలే ఏపుగా లేచాయి. నేను మురిసిపోయాను. పది రోజులకు వేరు కుళ్లి ఎనిమిది పడిపోయాయి.

మిగిలిన ఆరింట్లో మూడు వెంకటరమణమ్మ పీకేసింది. ముప్పై ఏళ్లుగా మా చేలల్లో కలుపు తీస్తున్న మనిషి, దొడ్డి ఊడ్వడానికి వచ్చి ఇవి చూసింది. నేను కేక పెట్టేలోపల చేతిలో ఉన్నాయి. "నేనేం జేతునమ్మా, పల్లేరు కనబడితే నా చెయ్యి ఆగదు" అని ఏడ్చింది. ఏడుస్తూనే నాలుగోదాని వైపు చూస్తోంది! మనిషిని అటు తిప్పి కూర్చోబెట్టి, మిగిలిన మూడింటి చుట్టూ ముళ్లకంప నాటాను.

ఈయన మంచం మీద నుంచి నవ్వుతున్నాడు. "ఊర్లో పంటంతా ఎండిపోతాంటే నువ్వు కలుపుమొక్కకు కావిలి కాస్తాండావే." నవ్వీ నవ్వీ నడుము పట్టుకున్నాడు. రూతూ, ఆ మూడూ దక్కుతాయా?

శ్యామల

&nbsp;

జమ్మలమడుగు,
18 ఆగస్టు 1987

శ్యామలా,

దక్కుతాయి, నువ్వు వాటి జోలికి పోకుంటే. చెంబు తీసి అటక మీద పెట్టు. మధ్యాహ్నం ఆకులు వాలిపోతాయి, చూసి కంగారుపడొద్దు. పొద్దుటికి అవే లేస్తాయి. దాహమైతేనే దాని వేరు లోపలికి దిగుతుంది. బడిలో ఉన్నప్పుడూ అంతే నువ్వు, పట్టుపురుగులకు పాలు పోస్తానన్నదానివి.

నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి కుర్చీలోనే కునికాను. మా నాయన కలలోకి వచ్చాడు. పెన్నలో ఇసుకంతా పసుపుగా ఉంది, ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్నాడు. ముళ్లు గుచ్చుకోవా నాయనా అంటే, ఇవి మెత్తగైపోయినాయి పాపా అన్నాడు. మెలకువ వచ్చాక కూడా చాలాసేపు నా అరికాళ్లు చల్లగా ఉన్నాయి. నలభై తొమ్మిదేళ్లదాన్ని, ఆసుపత్రి వరండాలో కూర్చుని నాయన కావాలని ఏడ్చాను. ఎవరికీ చెప్పకు.

ఈ మధ్య మీ ఆయన జబ్బుతోనే మగవాళ్లు చాలామంది వస్తున్నారు. ఎందుకా అని ఆలోచిస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది కానీ అది తర్వాత రాస్తాను.

రూతు

&nbsp;

మా పల్లె,
27 సెప్టెంబరు 1987

రూతూ, పూసింది!

పదిహేను రోజుల కింద పొద్దున లేచి చూస్తే ఆకు చాటున ఒక్కటే పువ్వు, చిన్న గంట మాదిరి, నిండు పసుపు. తర్వాత రోజు మూడు. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను. మా దొడ్డికి నిలువెత్తు కంటే పెద్ద గోడ, నీకు తెలుసు కదా. గోడ పైన ఆకాశం తప్ప బయటిది ఏదీ కనబడదు. ఆ గోడ లోపల ఈ మూడు మొక్కల దగ్గర కూర్చుంటే నేనెక్కడున్నానో మరిచిపోతున్నాను. ఆకు నలిపితే కస్తూరి వాసన. కళ్లు మూసుకుంటే ఒక్కోసారి బడి గంట వినిపిస్తుంది, ఒక్కోసారి మా అమ్మ పిలుపు.

నువ్వు చెప్పినట్టే కొమ్మ తిప్పాను. ఇరవై చుట్లు తిప్పేసరికి నీళ్లు బరువెక్కి చేతికి తెలిశాయి. ఈయన మొహం అటు తిప్పుకుని తాగాడు. నాలుగో రోజు, "ఏందో మంట తగ్గినట్టుండాది" అన్నాడు. వారానికి ఇసుక రేణువంత రాళ్లు రెండు పడ్డాయి. ఇప్పుడు తానే వచ్చి చెంబు అడుగుతున్నాడు. చుట్టూ మనుషులు లేనప్పుడు మొక్కల పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. మొన్న ఒక తుమ్మెద పువ్వులోకి దూరితే అది బయటికి వచ్చిందాకా కదలకుండా చూశాడు. పెళ్లైన కొత్తలో ఈయన ఇట్లాగే ఉండేవాడు రూతూ. నేనే మరిచిపోయాను. ఆ మనిషి తిరిగి వచ్చాడని నాకు పిచ్చి సంతోషంగా ఉంది.

గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను, మీ ప్రభువుకు కూడా నువ్వే చెప్పు.

శ్యామల

&nbsp;

మా పల్లె,
20 అక్టోబరు 1987

రూతమ్మ గారికి,

ఒక్క సంగతి అడుగుతున్నాను. దాచకుండా రాయండి. ఆ ఇంటాయన భార్య పద్మావతమ్మకు కూడా మీరు ఇవే కాయలు ఇచ్చారట. వాళ్ల దొడ్లో కూడా ఇదే మొక్క ఉందట. నిజమేనా?

తొండూరు సంతలో ఎవరో మావాళ్లకు చెప్పారు. వాళ్లు పరుగున వచ్చేసరికి నేను చెంబులో కొమ్మ తిప్పుతున్నాను. జిగట నీళ్లు చూసి, "మామా, ఇదేంది? ఆ నర్సమ్మ వాళ్ల మనిషి. నీకు మందు పెడ్తాండారు, రోజూ ఇంత ఇంత" అన్నారు. చెంబు తన్నేశారు. మూడు మొక్కలూ పీకి రోడ్డవతల పారేసి నిప్పు పెట్టారు. ఈయన అప్పటిదాకా తాగిన నీళ్లన్నీ గుర్తుచేసుకుంటున్నట్టు నా వైపు చూశాడు.

నేను వాళ్లను ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. మీరు తర్వాత రాస్తానన్న సంగతి ఇదేనా?

ఆ. శ్యామలమ్మ

&nbsp;

జమ్మలమడుగు,
27 అక్టోబరు 1987

శ్యామలమ్మ గారికి,

మీరు అడిగినది నిజం.

'మీరు' అని రాయడం నాకు చేతకాదు, పో. నిజమేనే. జూలైలో పద్మావతమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఆమె మగనికీ నడుము నొప్పి, అదే మంట. నీకు ఇచ్చిన చెట్టు కాయలే ఆమెకూ ఇచ్చాను. నీకు చెప్పకపోవడం నా తప్పు. చెప్తే నువ్వు కాయలు పారేస్తావని భయపడ్డాను. ఆమెకు ఇవ్వడం మాత్రం తప్పు కాదు. ఈ వరండాలో నొప్పి అని వచ్చినవాళ్లను ఏ ఊరని అడిగి మందివ్వను.

ఆ జబ్బు ఎందుకొస్తోందో ఆలోచిస్తున్నానన్నాను కదా. వచ్చిన ప్రతి మగవాణ్ణీ ఒకటే అడిగాను, దారిలో నీళ్లు తాగుతావా అని. తాగరు. తాగితే జీపు ఆపాలి. రోడ్డు మీద జీపు ఆపి దిగినవాడు మళ్లీ ఎక్కుతాడని నమ్మకం లేదు. పొద్దున ఎక్కినవాళ్లు పొద్దుగూకిందాకా నోరు కట్టుకుని, బిగబట్టుకుని కూర్చుంటారు. ఏళ్ల తరబడి. మన ఊట బావుల నీళ్లలో అసలే సున్నం ఎక్కువ. రాళ్లు కట్టక ఏమవుతుంది? మీ పార్టీవాళ్లూ అంతే, వాళ్ల పార్టీవాళ్లూ అంతే. మీ ఆయన పొట్టలోదీ, ఆమె మగని పొట్టలోదీ ఒకే రోడ్డు మీద తయారైన రాయి.

నేను మందు పెట్టేదాన్నా శ్యామలా? నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. అన్నం సయించడం లేదు.

రూతు

&nbsp;

మా పల్లె,
14 నవంబరు 1987

రూతూ,

నన్ను తర్వాత తిట్టు. మళ్లీ మొదలైంది. మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు, నిన్నటి నుంచి ఒళ్లు కాలుతోంది. ఉండుండి చలి కూడా వస్తోంది. నువ్వు చెప్పిన జ్వరమే ఇది.

వెంకటరమణమ్మా నేనూ గోడ దాటి చేలగట్లన్నీ వెతికాం. ఈ కరువుకు గొర్రెలు వేళ్లదాకా మేసేశాయి. అది ఏడుస్తూ, "బతుకంతా పీకినా, ఇయ్యాల ఒగటీ కనపడ్ల్యా" అంది. కాల్చిన చోట బూడిదలో కూడా చెయ్యి పెట్టి చూశాను.

ఈయన వచ్చే శుక్రవారం జమ్మలమడుగుకు పోతానన్నాడు. "ఎవడాపుతాడో సూస్తా" అన్నాడు. నాలుగు జీపుల్లో మనుషులను ఎక్కించమన్నాడు. నాలుగు జీపులు ఆ మలుపులోకి పోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఈయనకూ తెలుసు. ఇక్కడుంటే జ్వరానికి పోతాడు. బయలుదేరితే మలుపులో పోతాడు, ఇంకా ఎందరినో తీసుకుని పోతాడు.

ఆమె దొడ్లో మొక్కలు ఇంకా ఉన్నాయా? అడగమని నేను అనడం లేదు. ఏ మొహంతో అంటాను?

శ్యామల

&nbsp;

జమ్మలమడుగు,
17 నవంబరు 1987

శ్యామలా,

పోస్టులో ఆలస్యమవుతుందని ఇది బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

నీ ఉత్తరం అందగానే పద్మావతమ్మ ఇంటికి పోయాను. మొక్కలున్నాయి. ఇప్పుడు ఆ కొమ్మలతో పని కాదని, ఆపరేషనే కావాలని చెప్పాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. నిన్ను అడగకుండా చదివాను, ఏమనుకున్నా సరే. విని ఆమె అంది:

"నేను ఆ జీపులో కూసుంటే మావోల్లు యాడ ఏస్తారు బాంబు? బేస్తవారం పొద్దున బస్సుకు పోయి శ్యామలమ్మ వాళ్లూర్లో దిగుతా. ఒగటే జీపు రావల్ల. కత్తీ కట్టె ఉండగూడదు. మా ఆయనకు డిసెంబరులో పులివెందుల కోర్టుకు వాయిదా ఉండాది. మూడు వాయిదాలకు పోక వారంటు వచ్చినాది. ఆ పొద్దు శ్యామలమ్మ మా జీపులో కూసోవల్ల. ఒప్పుకుంటాదేమో అడుగు."

వాళ్లాయన లోపలి నుంచి అంతా విన్నాడు. అవునని అనలేదు, వద్దని అనలేదు. నీ తరఫున నేను ఒప్పేసుకున్నాను. డాక్టరుతో మాట్లాడాను, మంచం సిద్ధంగా ఉంటుంది. మీ ఆయనను ఒప్పించే పని నీది.

రూతు

&nbsp;

మా పల్లె,
12 డిసెంబరు 1987

రూతూ,

ఆపరేషను గాయం మానుతోంది. నిన్న వాకిలి దాకా నడిచాడు. తిరుగు ప్రయాణంలో కూడా పద్మావతమ్మ మాతో వచ్చి ఇంటి గడప దాకా దిగబెట్టిపోయింది. ఆసుపత్రిలో చుట్టూ జనం, నీకు ఆ పొద్దు సంగతి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

బేస్తవారం బస్సు దిగి ఆమె ఒక్కతే మా వీధిలో నడిచి వస్తుంటే ఊరంతా గుమ్మాల్లో నిలబడిపోయింది. చేతిలో తడిగుడ్డ మూట. వాకిట్లో మావాళ్లను చూసి, "నేను ఆ ఇంటిదాన్ని. మీ రెడ్డిని ఆసుపత్రికి తీస్కపోను వచ్చినా" అంది. వాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆమె వస్తుందని నేను ముందే చెప్పినా నమ్మని ఈయన, జ్వరంలో కళ్లు తెరిచి ఆమెను చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నేను కలవరిస్తున్నానా అని అడిగాడు. కాదు, లేయ్ అన్నాను.

ఆమె డ్రైవరు పక్కన ముందు సీట్లో కూర్చుంది. నేనూ ఈయనా వెనక. నాకు అంతా నీళ్లలో నుంచి చూస్తున్నట్టుంది రూతూ. ఎండిన చేలు, తెల్లటి రోడ్డు, ఏ శబ్దమూ లేదు. మలుపు దగ్గరికి రాగానే ఆమె తల మీది కొంగు తీసి భుజాన వేసుకుని, మొహం బయటికి పెట్టింది. కల్వర్టు మీద ఏడుగురు లేచి నిలబడ్డారు. చూశారు. ఒకాయన చేతిలోది వెనక్కి దాచుకున్నాడు. జీపు మెల్లగా దాటిపోయింది. అంతే. పదకొండేళ్ల భయం అంతసేపట్లో అయిపోయింది.

మలుపు దాటాక ఈయనకు మంట ఎగదన్నింది. ఆమె మూట విప్పి చెంబులో కొమ్మ తిప్పింది. ఒకటో రెండో పువ్వులు ఇంకా దానికే ఉన్నాయి. జిగురొచ్చాక ముందు తాను నాలుగు గుక్కలు తాగింది, చెంబు ఇటు చాపింది. ఈయన ఆ చెంబు కేసి చూశాడు, నా కేసి చూశాడు. తాగాడు. ఇంకో మైలు పోయాక, "ఆపండ్రా, దిగల్ల" అన్నాడు. డ్రైవరు ఒంటి చెయ్యితో స్టీరింగు పట్టుకుని నమ్మలేక నన్ను చూశాడు. ఆపమన్నాను. వాళ్ల చేల పక్కనే దిగి, రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. మేమిద్దరం చెరో పక్కకు మొహాలు తిప్పుకుని కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది, ఆమె నవ్వుతోంది.

పద్మావతమ్మ పోతూ పోతూ కొంగున కట్టుకొచ్చిన కాయలు నాకిచ్చింది. ఎండబెట్టి దాచాను. వెంకటరమణమ్మ ఈసారి పీకనని ముందే ఒట్టేసింది.

ఎల్లుండి సోమవారం వాళ్లాయన కోర్టు వాయిదా. రేపు సాయంత్రం బస్సుకు నేను వాళ్ల ఊరికి పోతున్నాను. రేపు రాత్రి వాళ్లింట్లోనే అన్నం, పొద్దున వాళ్ల జీపులో ముందు సీటు. మావాళ్లు ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకున్నారు. నాకు భయం లేదని అబద్ధం చెప్పను. పోక మాత్రం మానను.

ఇందాక చీరలు సర్దుకుంటుంటే ఈయన గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. చివరికి, పదకొండేళ్లుగా మా ఇంట్లో ఎవరూ పలకని ఆ పేరు తానే పలికాడు:

"ఓబులేసుకు చెప్పు. నీళ్లు బాగా తాగి బయల్దేరమను. మనూరి కాడ యాడ ఆపి దిగినా ఏం గాదని చెప్పు. నేను రోడ్డు మీద కుర్చీ ఏస్కోని కూసోనుంటా."

శ్యామల